పెట్టెలో బిళ్ల

తెల్లవారుజామున మూడున్నరకి శంషాబాద్ విమానాశ్రయం బయట కారులో కునుకు తీస్తుంటే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నేను దిగిన. నా పెట్టె మాత్రం ఇంకా విమానమే ఎక్కలేదు."

వాడు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. జర్మనీలో ఏదో ప్రదర్శనకు వెళ్లి, గల్ఫ్‌లో విమానం మారి వస్తున్నాడు. లోపల సామాను బెల్టు ఇంకా తిరుగుతూనే ఉందట. కౌంటరు దగ్గరున్న అబ్బాయి "ఇంకో ట్రాలీ రావాలి, కాసేపు ఆగండి సార్" అంటున్నాడట. మావాడు ఫోన్‌లో మ్యాపు తెరిచి అతనికి చూపించాడు. పెట్టెలో వేసిన ఆపిల్ ట్రాకర్ బిళ్ల జాడ చూపే చుక్క గల్ఫ్‌లోనే ఉంది. దాని కింద "36 నిమిషాల క్రితం" అని ఉంది. వీడు సముద్రం దాటి ఇల్లు చేరబోతుంటే పెట్టె విమానం మారాల్సిన చోటే కూర్చుంది. ఇక ఆగడం దేనికి? అక్కడికక్కడే ఫిర్యాదు రాయించి అరగంటలో బయటికొచ్చాడు. అదే విమానంలో దిగిన మరికొందరు చేతిలో చీటీలు పట్టుకుని ఖాళీ బెల్టు వంక చూస్తూ నిలబడ్డారని కారెక్కాక చెప్పాడు.

మూడో రోజు సాయంత్రం ఆ చుక్క శంషాబాద్‌లో తేలింది. పెట్టెలను ఇళ్లకు చేర్చే వ్యాను ఎక్కినట్టుంది. రామచంద్రాపురంలో మా ఇంట్లో టీ తాగుతూ ఇద్దరం దాన్ని ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) వెంట చూస్తూ కూర్చున్నాం. అది కదిలిందనడం కంటే గెంతిందనడం సరైన మాట. శంషాబాద్ తర్వాత పావుగంట పాటు ఏమీ లేదు. ఉన్నట్టుండి నార్సింగిలో కనిపించింది. మళ్లీ మౌనం. తర్వాత కొల్లూరు, ఆ తర్వాత ముత్తంగి. వ్యాను గెంతదు కదా, మరి చుక్క ఎందుకు గెంతింది? ఈ ఒక్క ప్రశ్నను గట్టిగా పట్టుకుంటే ఆ బిళ్ల పనితనమంతా బయటపడుతుంది.

పెట్టెలో బట్టల మధ్య ఉన్న ఆ వస్తువు పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. బరువు 11 గ్రాములు. చాలామంది దాన్ని జీపీఎస్ అనుకుంటారు. కాదు. తానెక్కడుందో ఆ బిళ్లకు తెలియదు.

జీపీఎస్ అంటే ఏమిటో చూడాలంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దగ్గర ఆగిన ఏదో ఒక లారీ క్యాబిన్‌లోకి తొంగిచూడండి. డ్యాష్‌బోర్డు వెనకో, సీటు కిందో సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. అందులో రెండు పనులు జరుగుతాయి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు పంపే సమయ సంకేతాలను విని, నాలుగింటిని పోల్చి, తన స్థానాన్ని లెక్క కట్టుకోవడం మొదటిది. ఆ లెక్కను సిమ్ కార్డు ద్వారా యజమానికి పంపడం రెండోది. ఉపగ్రహానికి ఈ డబ్బా సంగతి ఏమీ తెలియదు. అది చెప్పుకుంటూ పోతుంది, ఇది వింటుంది. వినడానికీ పంపడానికీ కరెంటు కావాలి. లారీ బ్యాటరీ ఉంది కాబట్టి లోటు లేదు. విమానం కడుపులో, అల్యూమినియం కంటెయినర్‌లో, వంద పెట్టెల కింద పడి ఉన్న సూట్‌కేసుకు ఆకాశం కనబడదు, బ్యాటరీకి తీగా ఉండదు.

బిళ్ల లోపల ఉండేది సీఆర్2032 అనే నాణెం బ్యాటరీ. కారు తాళంచెవి రిమోట్‌లో మెకానిక్ మార్చే రకమే. దాని సత్తువ దాదాపు 225 మిల్లీ ఆంపియర్-గంటలు. చిన్న ఎల్ఈడీ బల్బును 20 మిల్లీ ఆంపియర్లతో వెలిగిస్తే పదకొండు గంటల్లో చచ్చిపోతుంది. అదే బ్యాటరీతో బిళ్ల ఏడాది బతకాలి. ఏడాదికి 8,760 గంటలు. భాగించి చూస్తే సగటున 25 మైక్రో ఆంపియర్లు, అంటే ఆ ఎల్ఈడీ తాగే కరెంటులో ఎనిమిది వందల్లో ఒక వంతు. ఇంత పిసినారితనంతో ఉపగ్రహాలను వినడం, టవర్‌తో మాట్లాడటం కుదిరే పని కాదు. అందుకని ఇంజనీర్లు దానికి ఒకే ఒక్క పని పెట్టారు. అరవడం. యజమాని ఫోన్‌కు దూరమయ్యాక దాదాపు రెండు సెకన్లకోసారి, సెకనులో చాలా చిన్న భాగం పాటు, బ్లూటూత్‌లో ఒక కేక వేసి మళ్లీ నిద్రపోతుంది.

ఆ కేక కొన్ని పదుల మీటర్లు పోతే గొప్ప. వినేది ఎవరు? పక్కనుంచి వెళ్లే వాళ్ల ఫోన్లు. దారిన పోయే మనిషి జేబులో ఉన్న ఐఫోన్ ఆ కేక విని, తాను ఎక్కడుందో తన జీపీఎస్‌తో చూసుకుని, ఆ స్థానాన్ని ఇంటర్నెట్ ద్వారా పంపేస్తుంది. ఆ మనిషికి ఈ సంగతి తెలియదు, ఫోన్ మోగదు. మనం మ్యాపు మీద చూసే చుక్క పెట్టె స్థానం కానే కాదు. పెట్టె పక్కగా వెళ్లిన ఎవరో అపరిచితుడి స్థానం.

ఇప్పుడు గెంతుల సంగతి తేలిపోయింది. ఆ వ్యాను డ్రైవరు దగ్గర ఐఫోన్ లేదు. ఉండి ఉంటే చుక్క దారి పొడుగునా వచ్చేది. నార్సింగి దగ్గర ఏదో కారు వ్యానును దాటుకుపోయింది. కొల్లూరులో మరొకటి. ముత్తంగిలో ఓఆర్ఆర్ దిగేచోట రద్దీకి బండ్లు నెమ్మదించాయి, అక్కడ ఏ జేబులోనో ఒక ఫోన్ విన్నది. మా పెట్టె కబురు మాకు చేర్చిన ఆ ముగ్గురు ఎవరో మాకు ఎప్పటికీ తెలియదు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. పూర్వం ఎద్దు తప్పిపోతే సంతకు వెళ్లే వాళ్లందరికీ చెప్పి పంపేవారు. ఎవరో ఒకరు ఎక్కడో చూసి కబురు తెచ్చేవారు. అదే పద్ధతి. ఇప్పుడు కబురు తెచ్చేవాడికి కూడా తాను తెచ్చిన సంగతి తెలియదు, అంతే తేడా.

మరి దారిన పోయే వాళ్లందరూ నా పెట్టె కదలికలు తెలుసుకుంటారా? ఆపిల్ కంపెనీ తెలుసుకుంటుందా? ఇక్కడ గణితం కాపలా కాస్తుంది. తెరిచి ఉన్న తాళంకప్పను ఊహించుకోండి. దాన్ని నొక్కి బిగించడం ఎవరికైనా వచ్చు. తెరవడానికి మాత్రం తాళంచెవి కావాలి. బిళ్ల అరిచే ప్రతి కేకలోనూ అలాంటి తెరిచిన తాళంకప్ప ఒకటి ఉంటుంది. విన్న ఫోన్ తన స్థానాన్ని ఒక చీటీ మీద రాసి, పెట్టెలో వేసి, ఆ తాళం బిగించి పంపుతుంది. కంపెనీ సర్వర్ దగ్గర ఉండేది తాళం వేసిన పెట్టె మాత్రమే. చెవి యజమాని ఫోన్‌లోనే ఉంటుంది. 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు ఈ ఆలోచనను లోకం ముందు పెట్టినప్పుడు ఇది సూట్‌కేసుల దాకా వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. పైగా బిళ్ల ఒకే తాళాన్ని పట్టుకుని తిరగదు, దాన్ని మారుస్తూ ఉంటుంది. కాబట్టి నిన్న విన్న కేకా నేడు విన్న కేకా ఒకే బిళ్లవని దారిన పోయేవాడు పోల్చుకోలేడు.

ఇంత ఏర్పాటు ఉంటే విమానాశ్రయంలో అసలు పెట్టె ఎందుకు తప్పిపోతుంది? పెట్టె పిడికి అంటించే పొడుగాటి చీటీని ఎప్పుడైనా చదివారా? అందులో బార్‌కోడ్ పక్కన పది అంకెలుంటాయి. మొదటి అంకె చీటీ రకం చెబుతుంది. తర్వాతి మూడు విమాన సంస్థవి: ఎయిర్ ఇండియా అయితే 098, ఇండిగో అయితే 312. చివరి ఆరు ఆ పెట్టె సొంత నంబరు. లేజర్ కళ్లు ఆ గీతల్ని చదివి పెట్టెను ఈ బెల్టు మీదికో ఆ బెల్టు మీదికో తోస్తాయి. చీటీ మడతపడినా, చిరిగినా, కింది పక్కకు తిరిగినా గీతలు కనబడవు. అప్పుడు మనిషి చూడాలి. మనిషి చూసేలోపు విమానం వెళ్లిపోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ పెట్టెలు దారి తప్పేది విమానం మారే చోటే. మొదటి విమానం ఆలస్యమైతే మనం పరుగెత్తి రెండోది అందుకుంటాం. పెట్టె పరుగెత్తలేదు. మన ప్రాంతం నుంచి అమెరికాకో యూరప్‌కో వెళ్లే పిల్లల్లో చాలామంది దుబాయ్, దోహా, అబుదాబిల్లో మారాల్సిందే కాబట్టి ఇది మనకు బాగా తగిలే విషయం. విమాన సంస్థలకు సాంకేతిక సేవలందించే సీటా సంస్థ లెక్కల ప్రకారం 2007లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు దాదాపు 19 పెట్టెలు దారి తప్పేవి లేదా దెబ్బతినేవి. 2021లో అది 4.35కు దిగింది. 2022లో ఒక్కసారిగా 7.6కు ఎగబాకింది. కోవిడ్ కాలంలో పంపేసిన సామాను సిబ్బందిని తిరిగి తీసుకునేలోపే జనం విమానాల మీద పడ్డారు. లండన్ హీత్రోలో ఆ జూన్‌లో గుట్టలుగా పోసిన సూట్‌కేసుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. బిళ్లలు ప్రయాణికుల పెట్టెల్లోకి పెద్ద ఎత్తున చేరింది ఆ వేసవిలోనే. 2024 నాటికి లెక్క 6.3కు తగ్గింది.

విమాన సంస్థలు కూడా ఊరుకోలేదు. ప్రయాణికుడు అప్పగించినప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, విమానం మారే చోట చేతులు మారినప్పుడు, తిరిగి ఇచ్చినప్పుడు పెట్టె లెక్క రాయాలని వాటి అంతర్జాతీయ సంఘం ఐయాటా 2018 జూన్ నుంచి నియమం పెట్టింది. మధ్యలో ఏం జరిగిందో ఆ నాలుగు మజిలీల లెక్క చెప్పలేదు. అందుకే బిళ్ల ఇచ్చే కబురును ఇప్పుడు సంస్థలే అడిగి తీసుకుంటున్నాయి. 2024 చివర్లో ఆపిల్, పెట్టె స్థానాన్ని ఒక లింకుగా విమాన సంస్థకు పంపే వీలు కల్పించింది. ఏడు రోజులకు ఆ లింకు దానంతటదే మూసుకుపోతుంది. 2025లో ఎయిర్ ఇండియా ఆసియా సంస్థల్లో మొదటగా దీన్ని తన యాప్‌లో కలుపుకుంది. మొదట్లో బ్యాటరీ గురించి అనుమానాలు వచ్చాయి. 2022 అక్టోబరులో జర్మనీ సంస్థ లుఫ్తాన్సా ఇవి ఆపి ఉంచాలని అని, కొద్ది రోజులకే మాట వెనక్కి తీసుకుంది. నాణెం బ్యాటరీలో ఉండే లిథియం గ్రాములో పదో వంతు. ఇలాంటి పరికరాలకు అనుమతించిన హద్దు 0.3 గ్రాములు. పవర్ బ్యాంకును మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వేయకండి, దాని సంగతి వేరు.

బిళ్ల ఉన్నా ఫిర్యాదు పత్రం రాయించకుండా హాలు దాటి బయటికి రావద్దు. ఆ పత్రానికిచ్చే నంబరే అసలు ఆధారం. మావాడికి ఇచ్చింది హెచ్‌వైడీ అని మొదలై, విమాన సంస్థ రెండక్షరాలు, ఐదు అంకెలతో ముగిసింది. అంతర్జాతీయ ప్రయాణంలో 21 రోజులకూ పెట్టె రాకపోతే పోయినట్టే లెక్క. భారత్ 2009 నుంచి సభ్యురాలిగా ఉన్న మాంట్రియల్ ఒప్పందం కింద పరిహారం అడగొచ్చు. పెట్టె విరిగి వస్తే అందిన నాటి నుంచి ఏడు రోజుల్లోపు రాసివ్వాలి. చుక్క ఎక్కడుందో తెలియడం ఒకటి, దాన్ని తెచ్చి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండటం ఒకటి.

ఇక మన దగ్గరికి వద్దాం. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, సంగారెడ్డి. ఈ దారిలో ప్రయాణాలు చేసేది విమానాలెక్కేవాళ్లు మాత్రమే కాదు. బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి షెడ్లలో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏడాది సంపాదనతో కొన్న బట్టలు, పిల్లల బొమ్మలు, కాగితాలు ఒకే పెట్టెలో పెట్టుకుని రెండు రోజులు రైల్లో పోయేవాళ్లకు పెట్టె పోతే పరిహారం ఇచ్చేవాళ్లు లేరు. ఈ బిళ్ల వాళ్లకు పనికొస్తుందా? నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది.

ఇస్నాపూర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకతను నాకు ఐదేళ్లుగా తెలుసు. ఊరు బీహార్‌లో దానాపూర్ అవతల. ఛఠ్ పూజకు వెళ్తుంటే అడిగాను. ఒప్పుకున్నాడు. అతని పెట్టెలో రెండు బిళ్లలు వేశాం. ఒకటి మా మేనల్లుడి ఆపిల్ బిళ్ల. రెండోది ఆండ్రాయిడ్ ఫోన్ల వలయంలో పనిచేసేది. గూగుల్ ఆ వలయాన్ని 2024 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది, ఆ డిసెంబరుకు జియో అలాంటి బిళ్లను మన బజారులోకి తెచ్చింది. మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వే కాబట్టి ఇదే గెలుస్తుందని నా పందెం.

కానీ అతని పెట్టె సూట్‌కేసు కాదు. రేకు పెట్టె. ఆకుపచ్చ రంగు, మూత లోపలి వైపు గులాబీ పూలు, మీద తెల్ల ఎనామిల్‌తో పేరు, ఊరు, జిల్లా. రేకు అంటే రేడియో తరంగాలకు గోడ. మూత వేసి నేను ఫోన్ పట్టుకుని వెనక్కి నడిచాను. పెట్టె తెరిచి ఉన్నప్పుడు ఆ సందు చివరిదాకా, ముప్ఫై అడుగుల దూరం వినబడిన కేక, మూత పడ్డాక ఆరేడు అడుగులకే సన్నగిల్లింది. పూర్తిగా ఆగలేదు. ఎందుకంటే మూతకూ పెట్టెకూ మధ్య సందు ఉంది. బ్లూటూత్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. వెంట్రుకంత సన్నని సందయినా సరే, దాని పొడవు ఆ తరంగంలో సగానికి మించితే అది కిటికీలా పనిచేస్తుంది. రెండడుగుల మూత అంచు అంటే మంచి కిటికీయే. బిళ్లల్ని అడుగు నుంచి తీసి మూత అంచు పక్కన గుడ్డలో చుట్టి పెట్టాం. ఇంకాస్త దూరం వినబడింది.

పెట్టెలో అతని భార్యకు మా ఇంటావిడ పంపిన ఆవకాయ జాడీ ఒకటుంది. దాన్ని అవతలి మూలకు జరిపించాను. నీరు, ఉప్పు నీరు మరీనూ, ఈ తరంగాల్ని పీల్చేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ అన్నాన్ని వేడి చేసేది దాదాపు ఇదే పౌనఃపున్యంతో, 2.45 గిగాహెర్ట్జ్‌తో. అమెరికా వెళ్లే పెట్టెల్లో పచ్చళ్ల మధ్య బిళ్లను దాచే తల్లులకు ఈ మాట చెప్పాలి: బట్టల మధ్య పెట్టండి. గుడ్డ అడ్డం రాదు.

సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కాడు. కాజీపేట దాకా రెండు చుక్కలూ చక్కగా నడిచాయి. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక రెండూ ఆగిపోయాయి. అక్కడ సిగ్నల్ లేక, విన్న ఫోన్లు కూడా కబురును దాచుకుని కూర్చున్నాయి. బల్లార్షాలో ఆండ్రాయిడ్ చుక్క తిరిగి లేచింది. ఆ బోగీలో ఐఫోన్ లేనట్టుంది, ఆపిల్ చుక్క నాగపూర్ ప్లాట్‌ఫాం వచ్చేదాకా కనబడలేదు.

నాగపూర్ దాటాక అతని దగ్గర నుంచి ఫోన్. "అన్నా, ఎవరిదో ట్యాగ్ నా వెంట వస్తోందని ఫోన్ చూపిస్తోంది." అతని ఫోన్ పనిచేస్తోందని సంతోషించాను. ఈ బిళ్లల్ని మనుషుల వెంట, ముఖ్యంగా ఆడవాళ్ల బ్యాగుల్లో, స్కూటీల కింద దాచి వెంటాడిన దుర్మార్గాలు ప్రపంచమంతా జరిగాయి. అందుకే ఆపిల్, గూగుల్ కలిసి 2024 మేలో ఒక ఉమ్మడి హెచ్చరిక పద్ధతిని అమల్లోకి తెచ్చాయి. మీది కాని బిళ్ల మీతో పాటు కదులుతుంటే, అది ఆ పద్ధతిని పాటించేదైతే, ఏ కంపెనీదైనా మీ ఫోన్ చెబుతుంది. పటాన్‌చెరులోనో బీరంగూడలోనో హాస్టల్లో ఉండే అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. ఆ హెచ్చరికను తోసేయకండి. దాంట్లోనే బిళ్లను మోగించే మీట ఉంటుంది. నొక్కండి, వెతికి తీయండి, దాని నంబరు ఫొటో తీసి పోలీసులకు ఇవ్వండి.

రాత్రి పన్నెండింటికి బోగీలో అసలు గొడవ జరిగింది. యజమానికి దూరమైన ఆపిల్ బిళ్ల ఎనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య ఎప్పుడో ఒకప్పుడు, కదిలినప్పుడు, తనంతట తాను కీచుమంటుంది. సీటు కింద రేకు పెట్టెలోంచి ఆ శబ్దం రాగానే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారట. అతను పెట్టె తెరిచి, గుడ్డ విప్పి, బిళ్ల చూపించి, అది ఏమిటో చెప్పాడు. ఆ తర్వాత అరగంట సేపు బోగీ అంతా దాన్ని చేతులు మార్చుకుంటూ చూసిందట. ధర ఎంత అని అడిగినవాళ్లే ఎక్కువ. ఆపిల్‌ది మూడు వేల పైచిలుకు అంటే నమ్మలేదట.

దానాపూర్ స్టేషన్‌లో రెండు చుక్కలూ వెలిగాయి. అక్కడి నుంచి బస్సు, తర్వాత ఆటో. ఆండ్రాయిడ్ చుక్క బస్టాండులో ఆగిపోయింది. నా పందెం ఇక్కడ ఓడింది. గూగుల్ వలయం మామూలుగా ఒక్క ఫోన్ విన్నదని స్థానం చూపించదు. మనుషుల ఇళ్ల ఆచూకీ బయటపడకుండా, పలు ఫోన్లు విన్నాకే చెబుతుంది. ఆ జాగ్రత్త మంచిదే, కానీ దాని మూల్యం పల్లె చెల్లిస్తుంది. ఆపిల్ వలయానికి ఒక్క ఫోన్ చాలు, ఆ ఒక్కటి మాత్రం ఉండాలి. ఇదే ఇబ్బంది మా వైపూ ఉంది. ద్రావకాలు వాడే మందుల షెడ్లలో నిప్పురవ్వ భయానికి ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మా మేనల్లుడు బిళ్ల వేసిన నమూనాల పెట్టెను షెడ్డు లోపలికి తీసుకెళ్లిన రోజున, చుట్టూ మూడు వందల మంది పనిచేస్తున్నా, చుక్క గేటు దగ్గరే ఆగిపోయింది.

నాలుగు రోజులు ఏమీ లేదు. పెట్టె క్షేమంగా చేరిందని అతను ఫోన్‌లో చెప్పాడు కాబట్టి దిగులు లేదు. అయినా పొద్దునా సాయంత్రం మావాడు మ్యాపు తెరుస్తూనే ఉన్నాడు. ఛఠ్ రోజు ఉదయం ఆరున్నరకి ఆపిల్ చుక్క లేచింది. గంగ ఒడ్డుకు కొంచెం దూరంలో, పేరు కూడా రాసి లేని ఒక సందులో. "2 నిమిషాల క్రితం."

ఫోన్ చేశాను. వెనక పాటలు, పిల్లల గోల. వాళ్లు అప్పుడే అర్ఘ్యం ఇచ్చి తిరిగి వచ్చారట. మీ ఇంటి పక్కకు ఎవరైనా వచ్చారా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "అందరూ వచ్చారు అన్నా. ఢిల్లీ నుంచి, సూరత్ నుంచి, లూధియానా నుంచి. ఎవరి జేబులో ఏ ఫోన్ ఉందో నేనెట్లా చెప్పను?"